గాలి చూసి టికెట్ కొన్నాం: శ్రీకాకుళం నుంచి రామేశ్వరం దాకా కైట్‌సర్ఫింగ్

ముందు ఈ కోరిక పుట్టింది మా తమ్ముడికి. మేలో ఒకరోజు ఫోన్లో కైట్‌సర్ఫింగ్ వీడియో చూపించి (పెద్ద గాలిపటంలాంటి కైట్ లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై సాగిపోయే ఆట), "అక్కా, మన కళింగపట్నంలో ఇది ఎందుకు చెయ్యకూడదు?" అన్నాడు. నాకూ సమాధానం తెలియలేదు. ఆ ఆదివారం పొద్దున్నే బండి మీద వెళ్లాం.

కళింగపట్నం మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చోటే. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, పొడవాటి ఇసుక. ఆ రోజు మాత్రం మొదటిసారి గాలి కోసం చూశాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక పెద్దాయన నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తమ్ముడు ఆయనకి వీడియో చూపించాడు. రెండుసార్లు చూసి, "గాలి ఒడ్డెంట తోల్తే పర్లేదు బాబూ. కొండగాలైతే ఎల్డం సులువే, తిరిగి రావడవే కష్టం" అన్నాడు.

తర్వాత నేర్పినవాళ్లు మొదటి రోజు చెప్పిన పాఠం కూడా ఇదే. గాలి ఒడ్డు వెంబడి వీచాలి, లేదా కొంచెం ఏటవాలుగా ఒడ్డు వైపు వీచాలి. భూమి మీద నుంచి సముద్రంలోకి తోసే గాలిలో కైట్ ఎగరేస్తే, చెయ్యి జారినప్పుడు మనిషి లోపలికే పోతాడు. మన తీరంలో వేసవి నైరుతి గాలి చాలావరకు ఒడ్డు వెంబడే వీస్తుంది, ఆ లెక్కన కళింగపట్నం మంచిదే. కానీ అక్కడ కెరటం ఒడ్డుకి వచ్చి దబ్బున విరుగుతుంది. నేర్పేవాళ్లు లేరు, ఎవరైనా కొట్టుకుపోతే తేవడానికి సిద్ధంగా ఉన్న పడవ లేదు. ఆట ముందే వచ్చినవాళ్లకైతే ఏమోగానీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకి అది చోటు కాదు. బారువకీ, విజయనగరం వైపు చింతపల్లికీ కూడా వెళ్లి చూశాం. చూడ్డానికి రెండూ చాలా బాగున్నాయి, మా పనికి మాత్రం అక్కడా ఇదే ఇబ్బంది.

ఇక బయట వెతకడం మొదలుపెట్టాం. మా ఇద్దరికీ సెలవు దొరికేది ఆగస్టులోనే. ఆ ఒక్క మాటతో సగం ఊళ్లు కొట్టుకుపోయాయి. వియత్నాంలో మూయి నేకి గాలి వచ్చేది నవంబర్ నుంచి మార్చి దాకా. గోవాలో వానాకాలం వాటర్ స్పోర్ట్స్ ఆపేస్తారు. మిగిలినవి శ్రీలంకలో కల్పిటియ, మన రామేశ్వరం.

కల్పిటియ మీద నాకు చాలా మనసు పడింది. కొలంబోకి ఉత్తరాన సుమారు 160 కిలోమీటర్లు. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలి బలంగా ఉంటుంది. సముద్రానికీ లోపలి లగూన్‌కీ (ఉప్పునీటి మడుగుకీ) మధ్య సన్నటి ఇసుక కట్ట, లగూన్ వైపు అలల్లేని నీళ్లు. కానీ శ్రీకాకుళం నుంచి విమానం మారుతూ కొలంబో, అక్కడి నుంచి మళ్లీ కారు, పైగా వీసా. తొమ్మిది రోజుల సెలవులో గాలి లేని రోజులు కూడా లెక్కేసుకోవాలి కదా. అందుకే రామేశ్వరం వైపు మొగ్గాం.

రామేశ్వరానికి ఒక వరం ఉంది. దీవికి ఒక పక్క మన్నార్ గల్ఫ్, ఇంకో పక్క పాక్ బే. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్యపు గాలి. గాలి దిక్కు మారితే ఒడ్డు మార్చుకోవచ్చు. పాక్ బే వైపు కొన్ని చోట్ల చాలా దూరం నడుము లోతే. పడితే లేచి నిలబడొచ్చు. నాలాంటి ఈత అంతంతమాత్రం వచ్చినవాళ్లకి ఇదెంత ధైర్యమో చెప్పలేను.

ఒక పొరపాటు చేశాం. మొదట ఫోన్లో మాట్లాడిన ఒక చోట అడ్వాన్స్ కట్టేశాం. తర్వాత వివరాలు అడిగితే ముగ్గురికి ఒకే కైట్, ఒకే మనిషి, రెస్క్యూ బోట్ లేదు అన్నారు. అడ్వాన్స్ తిరిగి రాలేదు. డబ్బు పోయిన బాధ కన్నా, అదే చోటికి తెలియక వెళ్లేవాళ్ల గురించి ఎక్కువ టెన్షన్ పడ్డాను. మీరు అడ్వాన్స్ కట్టకముందే అడగండి: ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, పడవ ఉందా, హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బ తగలకుండా ఒంటికి వేసుకునే జాకెట్) ఇస్తారా, గాలి లేని రోజు డబ్బు సంగతేంటి. రెండో చోట వీటన్నిటికీ అడక్కముందే జవాబు చెప్పారు. అక్కడే చేరాం.

ఆముదాలవలసలో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి ఇంకో రైలు. ఇంటి నుంచి గది దాకా ఒకటిన్నర రోజు పట్టింది. పాంబన్ కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో మొదలయ్యాక రైలు మళ్లీ దీవి మీదికే వెళ్తోంది. మేం వెళ్లినప్పుడు పక్కనే 1914 నాటి పాత వంతెన కనిపించింది. కిటికీ దగ్గర కూర్చోండి.

మొదటి రెండు రాత్రులు గుడి దగ్గర లాడ్జిలో ఉన్నాం. తెలుగు బోర్డులు, తెలుగొచ్చిన ఆటోవాళ్లు, ఇంటి భోజనంలాంటి భోజనం. కానీ పొద్దున్నే సామాన్లతో నీళ్ల దగ్గరికి పోవడానికే గంట పోయేది. మూడో రోజు మాకు కైట్ నేర్పే బడి పక్కనే ఒక చిన్న గదికి మారాం. ఫ్యాన్, చాప, దోమతెర, సాయంత్రం చేపల పులుసు. గాలి లేచిందంటే అయిదు నిమిషాల్లో నీళ్లలో ఉంటాం. నన్నడిగితే ఏసీ గది కన్నా ఇదే ఎంతో మేలు. ఆడి అమావాస్య (తమిళుల ఆడి నెలలో వచ్చే అమావాస్య) రోజులైతే ఊళ్లో గది దొరకడమే కష్టం, తేదీ చూసుకోండి.

ఇక నేర్చుకోవడం. మొదటి రోజు నీళ్లే ముట్టలేదు. పంపుతో కైట్‌లోకి గాలి కొట్టడం, దాదాపు 24 మీటర్ల తాళ్లు నాలుగూ ఇసుక మీద పరిచి, వేళ్ల మధ్య నుంచి లాగుతూ ముడి లేదని చూసుకోవడం. మా ఇన్‌స్ట్రక్టర్ ఒక బెస్తవారి కుర్రాడు. నా నడుముకి హార్నెస్ (కైట్‌ని ఒంటికి తగిలించే పట్టీ) బిగించి, కైట్‌ని చటుక్కున వదిలించే ఎర్ర రంగు క్విక్ రిలీజ్ మీద నా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకోమన్నాడు. "ఇప్పుడు వదలండి." ఇరవై సార్లు చేయించాడు. కళ్లు మూసుకుని చెయ్యి దానంతట అదే అక్కడికి పోయేదాకా కైట్ ఎగరనివ్వలేదు. అలాంటి మనిషి దొరికితే ఎంత అడిగినా ఇవ్వచ్చు. మా ఖర్చులో సగానికి పైగా నేర్పినవాళ్లకే అయింది, ఒక్క రూపాయి కూడా వృథా అనిపించలేదు.

రెండో రోజు బోర్డు లేకుండా కైట్ లాగుతుంటే నీళ్లలో బోర్లా సాగిపోవడం. ఉప్పునీళ్లు ముక్కులోకి పోతాయి. అడుగున నాచు, అక్కడక్కడ గుల్లలు. కాళ్లకి రబ్బరు బూట్లు తప్పకుండా తెచ్చుకోండి, నేను తేలేదు, మడమ కోసుకుంది. నాలుగో రోజు గాలి పడిపోయింది. ధనుష్కోడి వెళ్లి 1964 తుఫానులో కూలిన చర్చి గోడలు చూసొచ్చాం. 2018లో తిత్లీ తుఫాను తర్వాత మా పలాస వైపు కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో గుర్తొచ్చి, ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

అయిదో రోజు 15 నాట్ల గాలి, అంటే గంటకి 28 కిలోమీటర్లు. నాకు 9 చదరపు మీటర్ల కైట్, తమ్ముడికి 12. తమ్ముడు బోర్డు మీద ముందే లేచాడు. నేను పదకొండోసారికి లేచాను. మూడు నాలుగు సెకన్లు, అంతే. కాళ్ల కింద బోర్డు నీళ్లని కోసే చప్పుడు వినిపించింది. మొత్తం మీద నాకు పది గంటల పాఠం పట్టింది. మూడు రోజుల సెలవుతో వెళ్లేవాళ్లకి అందుకే వద్దని చెప్తాను, వారం ఉండాలి.

తిరిగొచ్చాక కళింగపట్నం వెళ్లి ఆ పెద్దాయనకి నా వీడియో చూపించాం. ఆయన నన్ను చూడకుండా తాళ్లనే చూశాడు. "ఈ తాడు దేంతో నేస్తారమ్మా?" అని అడిగాడు. ఫిబ్రవరిలో ఈశాన్యపు గాలికి మళ్లీ రామేశ్వరం వెళ్తున్నాం. ఆయనకోసం రెండు మూరల తాడు ముక్క అడిగి తెస్తానన్నాడు తమ్ముడు.