అట్టపెట్టెల వ్యాపారంలో ఆరేళ్ల వాట్సాప్ బిజినెస్: నా అనుభవం

రాజమండ్రిలో మాది చిన్న అట్టపెట్టెల యూనిట్. త్రీ ప్లై, ఫైవ్ ప్లై, అంటే మూడు పొరల, ఐదు పొరల పెట్టెలు చేస్తాం. మా పార్టీలంతా, అంటే మా దగ్గర కొనేవాళ్లంతా, దాదాపు తినుబండారాల వాళ్లే. ఆత్రేయపురం పూతరేకులవాళ్లు, తాపేశ్వరం కాజావాళ్లు, ఊరగాయలు కొరియర్ చేసేవాళ్లు. 2019 చివర్లో మా అబ్బాయి నా ఫోన్లో వాట్సాప్ బిజినెస్ వేశాడు, వ్యాపారుల కోసం చేసిన వాట్సాప్ యాప్ అది. అంతకుముందు ఆర్డర్లు నోటిమాట మీద, లెక్కలు డైరీలో నడిచేవి.

ముందు నేను తిన్న దెబ్బ చెబుతాను. "నమస్కారం, మా సంస్థకు స్వాగతం. మీ పేరు, ఊరు, అవసరం తెలపండి" అని మావాడు గ్రీటింగ్ మెసేజ్, అంటే తనంతట తానే వెళ్లే పలకరింపు, పెట్టాడు. పెద్ద కంపెనీలా ఉందని నేనూ మురిసిపోయాను. అది కొత్తవాళ్లకే వెళ్తుందనుకున్నాను. 14 రోజులు మాటామంతీ లేకపోతే పాతవాళ్లకూ వెళ్తుందని తెలీదు. పన్నెండేళ్లుగా మా దగ్గరే కొంటున్న పూతరేకుల వ్యాపారి ఒకావిడ, అడుగు మెత్తబడిపోయిన పెట్టెల ఫొటో పెట్టారు. నేను చూసేలోపే నా ఫోన్ ఆవిడకి స్వాగతం చెప్పేసింది. వెంటనే ఫోన్ చేసి, "ఇప్పుడు నేనెవరో చెప్పుకోవాలా బాబూ?" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ దసరా ఆర్డర్ ఇంకొకరికి వెళ్లిపోయింది. తప్పు యాప్‌ది కాదు. కాంటాక్టుల్లో లేనివాళ్లకి మాత్రమే పంపే సెట్టింగ్ అందులోనే ఉంది. చూసుకోనిది నేను.

నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది లేబుళ్లు, అంటే ఒక్కో చాట్‌కి తగిలించుకునే గుర్తులు. 20 దాకా పెట్టుకోవచ్చు. ముందే ఇచ్చిన ఐదూ మాకు పెద్దగా పనికిరాలేదు. "శాంపిల్ ఇవ్వాలి", "డై మార్చాలి" (డై అంటే అట్టని ఆకారానికి కోసే అచ్చు), "పెట్టె పాడైంది" అని సొంతంగా పెట్టుకున్నాం. ఎర్ర రంగుది "పెట్టె పాడైంది". ఫిర్యాదు రాగానే ఆ లేబుల్ తగిలిస్తాం. రాత్రి షట్టర్ దించేముందు ఆ ఒక్కటీ తెరిచి చూస్తాను. అందులో పేరు ఉంటే, పని పూర్తి కాకపోయినా సరే, ఎంతవరకు వచ్చిందో ఆ పార్టీకి ఫోన్ చేసి చెప్పాకే ఇంటికి వెళ్తాను. మొదట్లో ఇది చాదస్తం అనేవాడు మా అబ్బాయి. ఇప్పుడు నేను ఊళ్లో లేకపోతే వాడే చేస్తున్నాడు.

ముందే రాసిపెట్టుకుని, స్లాష్ (/) కొడితే వచ్చే క్విక్ రిప్లైలు కూడా మంచివే, అయితే రేట్లకి, బ్యాంకు వివరాలకి మాత్రమే. 2025 సెప్టెంబర్ 22న అట్టపెట్టెల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. "పన్ను తగ్గిందిగా, రేటు తగ్గించరా?" అని ఆ వారమంతా ఒకటే ప్రశ్న. పెట్టెల తయారీకి మేం కొనే క్రాఫ్ట్ పేపర్ మీద పన్ను 18కి పెరిగిందన్న సంగతి వాళ్లకేం తెలుస్తుంది? లెక్కంతా ఒక్కసారి రాసిపెట్టుకుని, స్లాష్ కొట్టి పంపేశాను. ఫిర్యాదుకి మాత్రం రెడీమేడ్ జవాబు ఎప్పుడూ పంపను. దసరా దెబ్బ ఇంకా గుర్తుంది.

ఒకే నంబర్‌ని ఇంకో నాలుగు పరికరాల్లో కలుపుకోవచ్చు. దీనివల్ల ఒక తమాషా జరిగింది. ఒకే పార్టీకి నేనొక రేటు, అబ్బాయి ఇంకో రేటు చెప్పాం. అవతలివాళ్లకి రాసేది ఎవరో కనబడదు కదా. సహజంగానే తక్కువ రేటు పట్టుకున్నారు. అప్పట్నుంచి మెసేజ్ చివర పేరు రాస్తున్నాం.

యాప్‌లో సరుకు ఫొటోలు పెట్టుకునే క్యాటలాగ్ మాకు దండగ. ప్రతి పార్టీదీ వేరే సైజు, వేరే ప్రింటు. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పడతారు, కానీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. పండక్కి పేపర్ రేటు పెరుగుతుందని ముందే చెప్పడానికి తప్ప నేను వాడను.

బాకీల సంగతి మెసేజ్‌లో అస్సలు ఎత్తను. మాలాంటి చిన్న తయారీదార్లకి కొన్నవాళ్లు గడువులోపు, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, డబ్బు కట్టకపోతే, అది కట్టేదాకా ఆ ఖర్చుని పన్ను లెక్కలో చూపించుకోలేరని 2024 ఏప్రిల్ నుంచి రూలుంది. ఆ రూలు ఫొటో తీసి పార్టీకి పంపినవాళ్లని చూశాను. డబ్బు వచ్చింది, పార్టీ పోయింది. నేనైతే ఫోన్ చేసి, ముందు వ్యాపారం ఎలా ఉందో అడిగి, ఆ తర్వాత మెల్లగా కదుపుతాను.

ఆ పూతరేకుల ఆవిడ సంగతి చెప్పలేదు కదూ. ఏడాది తర్వాత అడుగు గట్టిగా ఉండే కొత్త శాంపిల్ పట్టుకుని ఆత్రేయపురం వెళ్లాను. పూతరేకులు సర్దించి, నడుమెత్తు నుంచి వాళ్ల అరుగు మీదే పెట్టెని వదిలేశాను. విప్పి చూస్తే రెండు విరిగాయి. "రెండే కదా, కొరియర్ కుర్రాళ్లు ఇంతకన్నా గట్టిగా విసురుతారు" అన్నారావిడ. ఆ సంక్రాంతికి మెసేజ్ వచ్చింది: "బాబూ, 300. ఆ రోజు పడేశావే, అదే సైజు."