చురుకైన పిల్లలకు ఏది మేలు: నవోదయ, డబుల్ ప్రమోషన్, ఫౌండేషన్ సెక్షన్, లేక ఉన్న బడిలోనే పై పాఠమా?

టీచరు బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు తేల్చేసి, మిగతా పీరియడంతా ఊరికే కూర్చునే పిల్లలు ప్రతి బడిలో ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ల గురించి మాట రాగానే నాలుగు సలహాలు వినిపిస్తాయి. కేంద్రం నడిపే వసతి బడి నవోదయకు పరీక్ష రాయించండి, డబుల్ ప్రమోషన్ ఇప్పించి ఒక తరగతి దాటించండి, ఐఐటీ కోచింగ్ ఇచ్చే ఫౌండేషన్ సెక్షన్‌లో చేర్పించండి, ఏమీ వద్దు ఉన్నచోటే ఉండనివ్వండి. ఈ నాలుగూ నాలుగు రకాల పిల్లలకు సంబంధించినవి. ప్రోగ్రెస్ కార్డు ఒక్కటే చూసి వీటిలో ఒకటి ఎంచుకుంటే సాధారణంగా తప్పుతుంది. బిడ్డకు ఏ పాఠం కావాలో ముందు తేల్చుకుంటే, ఏ దారో ఆ తర్వాత సులువుగా తెలుస్తుంది.

ముందు గుర్తించడం

తరగతి పరీక్షలో 20కి 20 తెచ్చుకున్న ఆరుగురూ ఒకటి కాదు. ఒకరు పాఠం శ్రద్ధగా చదివి ఉంటారు, ఇంకొకరు ఏడో తరగతి లెక్క కూడా చేయగలవారై ఉంటారు. ఆ పేపరు 20 దాకానే కొలుస్తుంది కాబట్టి ఇద్దరి మధ్య తేడా అందులో కనిపించదు. 1971లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టింది సరిగ్గా ఈ తేడాను బయటపెట్టే పనే. కాలేజీలో చేరబోయేవాళ్ల కోసం తయారుచేసిన శాట్ పరీక్షను 12, 13 ఏళ్ల పిల్లలతో రాయించారు. సొంత తరగతి పరీక్షలో ఒకే వరుసలో నిలిచిన పిల్లలు ఇక్కడ విడివిడిగా తేలారు.

మన బడిలో దీనికి ఖర్చేమీ లేదు. అయిదో తరగతి పిల్లలకు ఆరు, ఏడు తరగతుల పాత సమ్మేటివ్ (టర్మ్ చివరి) లెక్కల పరీక్ష పేపర్లు ఇవ్వండి. ముందుగా ఏమీ చెప్పొద్దు. సమయం పెట్టొద్దు. ఆరో తరగతి పేపరులో సగం మార్కులు దాటితే ఆ బిడ్డకు అయిదో తరగతి లెక్కల పీరియడు చాలదని అర్థం.

టీచరు పేర్లు చెప్పి ఎంపిక చేసే పద్ధతిలో చెయ్యెత్తే పిల్లలే వస్తారు. మాట్లాడని అమ్మాయి, దస్తూరి బాగాలేని అబ్బాయి, ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే బిడ్డ జారిపోతారు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవార్డ్ కౌంటీ 2005లో చురుకైన పిల్లల ప్రత్యేక తరగతులకు ఎంపిక చేయడానికి టీచర్లు, తల్లిదండ్రుల సిఫార్సు మీద మాత్రమే ఆధారపడడం మాని, రెండో తరగతి పిల్లలందరికీ మాటలు అక్కరలేని బొమ్మల పరీక్ష పెట్టింది. ప్రమాణం ఏమాత్రం తగ్గించలేదు. అయినా పేద పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు ఎంపిక కావడం బాగా పెరిగింది. అంటే ఆ పిల్లలు ముందూ ఉన్నారు, వాళ్ల పేరు ఎవరూ చెప్పలేదంతే. అందుకే పేపరు ఎవరికో ఇద్దరికి కాదు, తరగతి మొత్తానికి ఇవ్వాలి.

కోచింగ్ తీసుకున్న బిడ్డకూ నిజంగా లోతుకు పోయే బిడ్డకూ తేడా తెలియాలంటే ఒక్క లెక్క చాలు. 24 చదరపు గడులతో ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలు వస్తాయో గీయమనండి. నాలుగు వస్తాయి. తర్వాత 36 గడులతో. ఈసారి అయిదు, వాటిలో ఒకటి చతురస్రం. ఇప్పుడు కారణాంకాలు లెక్కపెట్టమనండి: 24కి ఎనిమిది, 36కి తొమ్మిది. "ఏ సంఖ్యలకు కారణాంకాలు బేసి సంఖ్యలో వస్తాయి? ఎందుకు?" అని అడిగి ఊరుకోండి. కోచింగ్ బిడ్డ కారణాంకాలు చకచకా రాసి, తర్వాతి ప్రశ్న కోసం మీ ముఖం చూస్తాడు. రెండో బిడ్డ 16, 25, 49 తీసుకుని తనే ప్రయత్నిస్తుంది. కారణాంకాలు జతలు జతలుగా వస్తాయనీ, 6×6 దగ్గర జత ఒకే సంఖ్య అయిపోతుందనీ తన మాటల్లో చెబుతుంది. అరగంట పట్టినా ఫరవాలేదు. ఇక్కడ వేగాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

నవోదయ, గురుకులాలు

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం మొదలైంది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. తర్వాత ఆయన కేంద్ర మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు, 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయ బడులు తమిళనాడు తప్ప దేశమంతా విస్తరించాయి. పల్లెలోని తెలివైన బిడ్డకు తగిన బడి అందాలన్నదే అప్పటి ఆలోచన. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు ఉండటం అందుకే. తెలంగాణకు 2024 డిసెంబరులో మరో 7 నవోదయలు మంజూరయ్యాయి.

ఆరో తరగతి ప్రవేశ పరీక్ష 2 గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. బొమ్మల మేధాశక్తి భాగానికి 40 ప్రశ్నలు, 50 మార్కులు. లెక్కలకు 20, భాషకు 20 ప్రశ్నలు, చెరో 25 మార్కులు. తెలుగులో రాయొచ్చు. నెగటివ్ మార్కులు లేవు. ఒక్కో బడిలో 80 సీట్లే. రెండోసారి రాసే వీలు లేదు.

సగం మార్కులు బొమ్మలకు ఉండటంతో ఇంట్లో పుస్తకం లేని బిడ్డ కూడా పోటీలో నిలబడుతుంది. అయితే ఆ బొమ్మల్లో ఉండేవి పది రకాలే: భిన్నమైనది, వరుస, అద్దంలో ప్రతిబింబం, మడిచిన కాగితానికి చిల్లు, దాగిన ఆకారం వగైరా. రకానికి నాలుగు ప్రశ్నలు. వీటిని నెలల తరబడి రుద్దించే కోచింగ్ హాస్టళ్లు పుట్టుకొచ్చింది అందుకే. రకానికి రెండు రోజుల చొప్పున మూడు వారాలు చూపిస్తే, ప్రశ్న ఏం అడుగుతోందో తెలియక తడబడే ఇబ్బంది తీరుతుంది. పల్లె పిల్లలకు మార్కులు పోయేది ఎక్కువగా జవాబుకు వృత్తం దిద్దే ఓఎంఆర్ షీటు దగ్గర. ఒక ప్రశ్న వదిలేసి, వృత్తాన్ని మాత్రం వదలకుండా దిద్దుకుంటూ పోతే అక్కడినుంచి జవాబులన్నీ ఒక వరుస జరిగిపోతాయి. కనీసం అయిదు నమూనా పేపర్లు ఓఎంఆర్ మీదే రాయించాలి.

చేరాక దొరికేదేమిటో కూడా స్పష్టంగా తెలియాలి. అక్కడ చెప్పేది మామూలు సీబీఎస్ఈ పాఠమే, వేగమూ మామూలే. దక్కేవి వేరే: సబ్జెక్టుకో టీచరు, ల్యాబు, లైబ్రరీ, ఉచిత వసతి, భోజనం, అన్నిటికంటే ముఖ్యంగా తనలాంటి తోటివాళ్లు. ఊళ్లోని ఉన్నత పాఠశాలలో లెక్కల పోస్టు ఖాళీగా ఉంటే ఇంతకంటే మంచి దారి లేదు. మంచి లెక్కల టీచరు ఉన్న బడి నడిచిపోయేంత దూరంలో ఉండి, పదేళ్ల బిడ్డ ఇల్లు వదలలేనంటే బలవంతపెట్టాల్సిన పనీ లేదు.

ఇల్లు వదిలితే పోయేవీ ఉన్నాయి. పేద కుటుంబాల పిల్లలకు కేంద్రం ఇచ్చే, ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి రూ.12,000, నవోదయ పిల్లలకు వర్తించదు. బాసర, నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో కలిపే అదనపు పాయింట్లు కూడా జిల్లా పరిషత్ బడిలాంటి, వసతి లేని సర్కారు బడుల పిల్లలకే.

డబుల్ ప్రమోషన్

మన దగ్గర దీన్ని అయితే గొప్పగా చూస్తారు, లేకపోతే పూర్తిగా భయపడతారు. పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నది వేరు: బిడ్డను సరిగా ఎంచుకుంటే చదువులో లాభమే ఉంటుంది, స్నేహాలు కూడా చెడవు. అమెరికాలో దీనికోసం వాడే అయోవా స్కేలు నాలుగు సందర్భాల్లో తరగతి దాటించవద్దని చెబుతుంది: తెలివితేటల పరీక్షలో సగటుకంటే తగినంత పైన లేనప్పుడు, దాటితే అన్నయ్యో అక్కో ఉన్న తరగతిలో పడేటప్పుడు, ఇప్పటికే తోబుట్టువుతో ఒకే తరగతిలో ఉన్నప్పుడు, బిడ్డకే ఇష్టం లేనప్పుడు. మన ఇళ్లలో రెండోది మరీ ముఖ్యం. తమ్ముడు అక్క పక్కన వచ్చి కూర్చుంటే ఇంట్లో రోజూ పోలికలే.

దాటించాక దెబ్బ తగిలేది ఎప్పుడూ ఒకేచోట, చదవకుండా వదిలేసిన ఏడాది పాఠంలో. అయిదో తరగతి వదిలేస్తే భిన్నాలు, దశాంశాల పునాది పోతుంది. ఆ ఏడాది పుస్తకంలోని ప్రతి అధ్యాయానికీ చివరి అభ్యాసం ముందే చేయించి, రానివి మాత్రం వేసవిలో నేర్పాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరీక్షాకాలంగా పెట్టుకుని, కుదరకపోతే అవమానం లేకుండా వెనక్కి వచ్చే ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి.

వయసు లెక్క కూడా వేసుకోవాలి. నీట్ రాయాలంటే ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. ఇంజినీరింగ్ ఎప్‌సెట్‌కు 16. ఆరేళ్లకు ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ఇంటర్ 18కి ముగిస్తుంది, ఒక తరగతి దాటినా 17. అయిదేళ్లకే చేరి, పైగా ఒక తరగతి దాటితే 16కే ఇంటర్ అయిపోతుంది; ఆ డిసెంబరు 31లోపు 17 నిండకపోతే, డాక్టరు కావాలనుకునే బిడ్డ ఏడాది ఖాళీగా ఉండాలి. పదో తరగతిలో కూడా వయసు తక్కువైతే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

ఇంకోటి చాలామంది గమనించరు. నవోదయ రాయాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒక్కొక్కటీ పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలి. వీటిలో ఒకటి దాటిస్తే నవోదయ దారి మూసుకుపోతుంది. రెండూ కావాలనుకునేవాళ్లు రెండో తరగతిలోపే దాటించాలి, లేదా ఆరు దాకా ఆగాలి. అంత చిన్న వయసులో తొందరపడటం కంటే ఆగడమే మంచిది.

ఫౌండేషన్ సెక్షన్

ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్ బ్యాచ్ అంటూ వారానికో పరీక్ష పెట్టి, మార్కుల వరుసలో సెక్షన్లు మార్చే పద్ధతిని నాలుగింటిలో చివరగా చూడాలి. ఇందులో ఎంపిక ఎప్పటికీ ముగియదు, బిడ్డ ప్రతి సోమవారం కొత్తగా తూకం ఎక్కుతుంది. ఇచ్చే పాఠం లోతైనది కాదు, తొందరపాటుది. సమీకరణాలు కుదురుకోని ఏడో తరగతి బిడ్డకు తొమ్మిదో తరగతి చలన సూత్రం v² = u² + 2as ఇస్తే, విలువలు పెట్టి జవాబు తీస్తుంది. త్వరణం అంటే ఏమిటో చెప్పమంటే నోరు మెదపదు. తొమ్మిదిలో అదే పాఠం మళ్లీ వచ్చినప్పుడు "నాకు వచ్చు" అని వినదు కూడా.

అన్నీ ఒకటే అనడం అన్యాయం. నోటుబుక్ అడిగి చూడండి. ఒక లెక్క రెండు పద్ధతుల్లో చేసి, తప్పు ఎక్కడ పోయిందో రాసి ఉంటే ఆ టీచరు దగ్గర ఉండొచ్చు. రోజుకు నలభై బిట్లు, పక్కన ఎ, బి, సి, డి మాత్రమే ఉంటే తీసుకొచ్చేయండి. నిజమైన గణిత ఒలింపియాడ్ తొలిమెట్టు ఐఓక్యూఎమ్‌లో 3 గంటలకు 30 లెక్కలే, సగటున లెక్కకు 6 నిమిషాలు. జవాబు రెండంకెల సంఖ్యగా రాయాలి, ఆప్షన్లు ఉండవు. బిట్ల వేగం అక్కడ పనిచేయదు.

ఉన్న బడిలోనే పై పాఠం

ఎక్కువమంది పిల్లలకు సరిపోయేది ఇదే. అతి తక్కువగా జరిగేదీ ఇదే. దీనికి ప్రవేశ పరీక్ష లేదు, ఇల్లు వదలక్కరలేదు, వయసు చిక్కు లేదు. ఒక్క లెక్కల్లోనే ముందున్న బిడ్డను తెలుగులో, సైన్సులో తోసేయాల్సిన పని లేదు.

ఆరో తరగతి భిన్నాల పాఠం 14 పీరియడ్లు అనుకుందాం. పాఠం మొదలయ్యే ముందే యూనిట్ చివరి పరీక్ష 20 మార్కులకు పెట్టాలి. 17 దాటినవాళ్లు ఆ పాఠం వినక్కరలేదు. తప్పిన రెండు మూడు అంశాలకు మాత్రం ఆ రోజు పీరియడుకు కూర్చుంటారు. మిగిలిన పదకొండో పన్నెండో పీరియడ్లు వాళ్లవే. చురుకైన పిల్లల చదువుపై పరిశోధించిన జోసెఫ్ రెంజుల్లి బృందం 1990ల మొదట్లో అమెరికా బడుల్లో ఇలా చేయించినప్పుడు, ముందున్న పిల్లలకు పాఠ్యాంశంలో 40 నుంచి 50 శాతం దాకా తీసేసే వీలుందని తేలింది.

మిగిలిన సమయంలో ఏం చేయిస్తామన్నదాని దగ్గరే ఇది చెడిపోతుంది. ఇరవై లెక్కల బదులు నలభై ఇస్తే, బాగా చేసినందుకు శిక్ష వేసినట్టే. రెండు వారాల్లో బిడ్డ నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది. వెనకబడినవాళ్లకు చెప్పమని రోజూ కూర్చోబెట్టడమూ అంతే. అప్పుడప్పుడు మంచిదే కానీ అదే ఆమె పాఠం కాకూడదు. 1/2, 1/3, 1/6 లాగా లవం 1గా ఉన్న వేర్వేరు భిన్నాలు కూడితే 1 ఎన్ని రకాలుగా వస్తుందో వెతకమనండి. మూడు భిన్నాలతో ఒకే రకంగా వస్తుందని తేల్చుకుని, అంతకుమించి ఎందుకు రాదో నిరూపించడానికి వారం పడుతుంది. ఆ వారమంతా బిడ్డ నిజంగా నేర్చుకుంటుంది. వారానికోసారి పది నిమిషాలు టీచరు నోటుబుక్ చూడాలి. చూడకపోతే మూడో వారానికి ఆగిపోతుంది.

బిడ్డ ఏడాది మొత్తం ముందుంటే లెక్కల పీరియడుకు మాత్రం పై తరగతికి పంపొచ్చు. ఉన్నత పాఠశాలలో దీనికి అడ్డం టైంటేబుల్. ఆరుకూ ఏడుకూ ఒకే టీచరైతే రెండు లెక్కల పీరియడ్లు ఒకే సమయంలో పెట్టలేరు. అప్పుడు ఏడో తరగతి లెక్కలు ఉన్నప్పుడు ఆరో తరగతికి ఆటలో, డ్రాయింగో, బిడ్డ వదిలినా నష్టంలేనిదో ఉండేలా చూడాలి. ఇద్దరు టీచర్లే ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఇది అడగకుండానే జరిగిపోతుంది. మూడో తరగతి బిడ్డ అదే గదిలో అయిదో తరగతి పాఠం వింటూనే ఉంటుంది. మన చిన్న బడులకున్న ఈ సౌకర్యాన్ని ఎవరూ సౌకర్యంగా చూడరు.

బిడ్డ అయిదు పూర్తిచేసి వేరే ప్రాంగణంలోని ఉన్నత పాఠశాలకు వెళ్లిన రోజున ఇదంతా చెరిగిపోయే ప్రమాదం ఉంది. అక్కడి టీచరుకు ఆమె ఎవరో తెలియదు, మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. అందుకే టీసీతోపాటు ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు ఒక కాగితం రాసివ్వాలి: ఏ తరగతి లెక్కల పుస్తకంలో ఏ అధ్యాయం దాకా పూర్తయింది, పై తరగతి పేపరులో ఎన్ని మార్కులు వచ్చాయి, ఏ అంశంలో ఇంకా తడబడుతోంది, ప్రస్తుతం ఏ లెక్క మీద పనిచేస్తోంది. దాంతోపాటు బిడ్డ సొంతంగా చేసిన లెక్కల నోటుబుక్కూ జతచేయాలి. తల్లిదండ్రులు జూన్‌లో ఆ రెండూ పట్టుకుని నేరుగా లెక్కల టీచరును కలవాలి, సెక్షన్లు వేయకముందే.