వీల్‌చైర్ యాత్ర అన్న ప్రకటన చూసి డబ్బు కట్టబోయేవారికి జాగ్రత్త

నేలపట్టు పక్షుల కేంద్రానికీ పులికాట్ సరస్సుకూ ‘నడవలేని వారికి ప్రత్యేకం’ అని ప్రకటించి నెల్లూరులో ఒక రోజు యాత్ర అమ్ముతున్న ఒక ట్రావెల్స్ వద్ద మేము డబ్బు కట్టి మోసపోయాము. ఇదే ధోరణిలో మరికొందరూ ప్రకటనలు ఇస్తున్నారు కనుక ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. 2022లో జిల్లాలు విడిపోయాక ఇవి ఉన్న దొరవారిసత్రం, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, ఈ యాత్రలు అమ్మేవారూ కొనేవారూ ఇంకా ఎక్కువగా మన ఊళ్లోనే ఉన్నారు.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా అమ్మగారు ఇంట్లో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తారు, బయట మాత్రం వీల్‌చైర్ తప్పనిసరి. ర్యాంపు ఉన్న వాహనం, చదునైన బాట, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉంటాయని ప్రకటనలో స్పష్టంగా రాశారు. తెల్లవారుజామున ఇంటి ముందు ఆగినది మాత్రం మామూలు టెంపో ట్రావెలర్, అందులో ర్యాంపు పేరిట ఉన్నది సెంట్రింగు పనికి వాడే చెక్క పలక. అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవున వాలు ఉండాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతుండగా, మోకాలెత్తున్న ఆ వాహనానికి వారు ఆనించిన పలక మనిషి పొడవు కూడా లేదు. డ్రైవరూ క్లీనరూ కుర్చీని చెరొకవైపు పట్టి ఎత్తేసరికి అది ఒక పక్కకు ఒరిగిపోయింది. “ఒరే అబ్బాయా, పడేస్తారురా వీళ్లు” అని అమ్మ నా చొక్కా గట్టిగా పట్టుకున్నారు.

నేలపట్టులో గేటు దాటి కొంత దూరం బాగానే సాగింది, ఆ తరువాత వదులు మట్టి, గులకరాళ్లు. ఆసుపత్రుల్లో కనిపించే రకం కుర్చీకి ముందు చక్రాలు చిన్నవి, సన్నవి కావడంతో అవి మట్టిలో దిగబడి అడ్డం తిరుగుతాయి, వెనుక నుంచి ఎంత నెట్టినా కుర్చీ ముందుకు తూలుతుందే తప్ప కదలదు. కుర్చీని వెనక్కు తిప్పి, పెద్ద చక్రాలు ముందుగా వచ్చేలా లాగితేనే కదిలింది. గూడబాతుల గూళ్లు బాగా కనిపించేది టవరు మీది నుంచి అని, మెట్ల మీదుగా అమ్మను ఎత్తుకుపోతామని గైడు అన్నాడు, మేము ఒప్పుకోలేదు. ఇందులో పక్షుల కేంద్రాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు, లేని వసతిని ఉన్నట్టు చూపి డబ్బు తీసుకున్నది ట్రావెల్స్ వారు. భోజనానికి ఆపిన చోట మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టనే లేదు.

నిజం చెప్పాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే దారి మాత్రం హాయిగా గడిచింది. ఆ రోడ్డు సరస్సు మీదుగానే పోతుంది కనుక సీటులో కూర్చునే రాజహంసలను చూడవచ్చు. అయితే అంతమాత్రానికి ప్రత్యేక ప్యాకేజీ ఎందుకు, శీతాకాలంలో ఒక కారు మాట్లాడుకుంటే చాలు.

డబ్బు అడిగితే “ఎత్తి దించాం కదండీ, ఇంకేం కావాలి?” అని యజమాని ఎదురు ప్రశ్న వేశాడు. అందువల్ల ఎవరైనా కట్టే ముందు ర్యాంపును వాహనానికి ఆనించి తీసిన ఫొటో, బాట ఎక్కడ మట్టి ఎక్కడ సిమెంటు అన్న వివరం, ఎన్ని మెట్లున్నాయన్న సంగతి, మరుగుదొడ్డి తలుపు కొలత (90 సెంటీమీటర్లు ఉంటే మంచిది) అడిగి, జవాబును ఫోన్‌లో కాకుండా వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోవాలి. మోసపూరిత ప్రకటనలు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము కూడా లేదు.

ఫిర్యాదు వేస్తున్నామని తెలియగానే వారు సగం డబ్బు ఇస్తామన్నారు, మేము తీసుకోలేదు. ఇలాంటి యాత్రకే డబ్బు కట్టినవారు రసీదును, ప్రకటన స్క్రీన్‌షాట్‌ను దయచేసి భద్రపరచండి, ఎందుకంటే మేము అడిగిన మర్నాడే వారు ఆ ప్రకటనలోంచి ర్యాంపు అన్న మాట తీసేశారు.