సెయింట్ మార్టెన్‌లో విమానాలు చూడాలంటే ఎక్కడ నిలబడాలి?

విమానాల పిచ్చి ఉన్నవాళ్లలో మాహో బీచ్ పేరు వినని వాళ్లుండరు. ముందు సముద్రం, తర్వాత సన్నటి ఇసుక, దాన్ని ఆనుకుని రోడ్డు, రోడ్డు దాటగానే కంచె, కంచె వెనక రన్‌వే. దిగడానికి వచ్చే విమానం ఇసుకలో నిలబడ్డవాళ్ల తలల మీంచే పోతుంది. వీడియోలు చూసి వెళ్లినవాళ్లు చాలామంది తిన్నగా ఆ కంచె దగ్గరికే నడుస్తారు. నన్నడిగితే ఆ దీవిలో విమానాలు చూడటానికి అన్నిటికన్నా పనికిరాని చోటు అదే. ప్రమాదం సంగతి తర్వాత చెబుతాను, అసలు అక్కణ్నుంచి సరిగ్గా కనబడదు కూడా.

ముందు ఊరి సంగతి. కరీబియన్‌లో సుమారు 87 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి ఇది. 1648 నుంచి ఉత్తర భాగం ఫ్రాన్స్‌ది, దక్షిణ భాగం డచ్ వాళ్లది. మధ్యలో గేటూ లేదు, తనిఖీలూ లేవు. కారులో వెళ్తుంటే ఒక బోర్డు, ఒక స్తంభం కనిపిస్తాయి, అంతే. ప్రిన్సెస్ జూలియానా విమానాశ్రయం డచ్ వైపు ఉంది. 1942లో మిలిటరీ వాళ్ల కోసం వేసిన రన్‌వేతో మొదలైంది. ఇప్పటి రన్‌వే పొడవు దాదాపు 2,300 మీటర్లు. యూరప్ నుంచి వచ్చే పెద్ద విమానాలకు ఇది పొట్టి. అందుకని పైలట్లు రన్‌వే మొదట్లోనే చక్రాలు ఆనించాలని చూస్తారు. ఆ మొదలు బీచ్‌ని ఆనుకుని ఉంది కాబట్టే విమానాలు అంత కిందుగా వస్తాయి. అక్కడ గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగానే దిగాలి కాబట్టి పడమటి సముద్రం మీంచి మాహో వైపు నుంచే వస్తుంది. ఎప్పుడైనా గాలి తిరిగిందంటే ఆ రోజు మాహోలో ల్యాండింగ్‌లు ఉండవు. రోజూ పొద్దున్నే ఫోన్‌లో, ఏ విమానం ఎక్కడుందో చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్ తెరిచి, మొదట వచ్చిన విమానం ఎటు నుంచి దిగిందో చూసుకుని బయల్దేరడం మేలు.

ఇంకో మాట ముందే చెప్పాలి. మాహో పాత ఫొటోల్లో కనబడే, డచ్ విమాన సంస్థ కేఎల్‌ఎమ్ వాళ్ల నాలుగు ఇంజన్ల బోయింగ్ 747 ఇప్పుడు రాదు. 2016 అక్టోబరు చివరతో అది ఆగిపోయింది. కేఎల్‌ఎమ్, ఎయిర్ ఫ్రాన్స్ పెద్ద విమానాలే నడుపుతున్నాయి కానీ వాటికి రెండు ఇంజన్లు. ఎక్కువగా కనబడేవి అమెరికా, కెనడాల నుంచి వచ్చే బోయింగ్ 737లు, ఎయిర్‌బస్ ఏ320 రకాల్లాంటి ఒక మోస్తరు విమానాలు. ఆ నాలుగు ఇంజన్ల భారీ విమానం కోసమే టికెట్ కొనుక్కునేట్టయితే ఆగండి. నాకైతే ఆ లోటు అంతగా అనిపించలేదు. ఇక్కడి అసలు సరదా రకరకాల విమానాల్లో ఉంది. ఒక ఎయిర్‌బస్ దిగిన వెంటనే పంతొమ్మిది మంది పట్టే, ఫ్యాన్లతో నడిచే చిన్న విమానం ట్విన్ ఆటర్ వస్తుంది, దాని వెనక ఎవరో కోటీశ్వరుడి ప్రైవేటు జెట్. పక్కనున్న సెయింట్ బార్ట్స్ దీవిలో జెట్‌లు దిగలేవు. అక్కడికి పోయే డబ్బున్నవాళ్లు ఇక్కడ దిగి చిన్న విమానం ఎక్కుతారు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో పార్కింగ్ అంతా ప్రైవేటు జెట్‌లతో నిండిపోయి ఉంటుంది.

ఇక మాహోలో ఎక్కడ నిలబడాలి? బీచ్‌కి దక్షిణం మూల సన్‌సెట్ బీచ్ బార్ ఉంది. విమానాలు వచ్చే వేళలు సర్ఫ్‌బోర్డు మీద రాసి పెట్టేది అక్కడే. 2017 సెప్టెంబరు 6న వచ్చిన ఇర్మా తుఫాను దాన్ని ఊడ్చేస్తే మళ్లీ కట్టారు. ఫొటోలకి నా ఓటు ఈ మూలకే. కారణం వెలుతురు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు నడుస్తాడు కాబట్టి ఇక్కడ నిలబడితే ఎండ మన వీపు మీద పడుతుంది, విమానం పక్క భాగం మీద పూర్తిగా పడుతుంది. బొమ్మలో రంగులు బాగా వస్తాయి. బీచ్ ఉత్తరం వైపు నిలబడితే అదే సమయంలో ఎండ కెమెరా కళ్లలోకి కొడుతుంది. మే నెల మధ్య నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి వస్తాడు. అప్పుడు రెండు మూలలకీ పెద్ద తేడా లేదు, రెండు చోట్లా విమానం పొట్ట కింద నల్లటి నీడే. సాయంత్రం సూర్యుడు పడమటికి వాలాక ఎదురు వెలుతురులో నల్లటి ఆకారాలు తీసుకోవడం తప్ప చేసేదేం లేదు. అవీ అందంగానే ఉంటాయి, కానీ ఏ సంస్థ విమానమో పోల్చుకోలేం.

సరిగ్గా రన్‌వే గీతకి ఎదురుగా ఇసుక మధ్యలో నిలబడటం వీడియోకి, ఒళ్లు జలదరించడానికి. ఒక్కసారైనా అక్కడ నిలబడాల్సిందే. శబ్దం చెవులతోపాటు ఛాతీలోకి కూడా దిగుతుంది. పిల్లలతో వెళ్తే చెవుల్లో పెట్టుకునే బిరడాలు తప్పనిసరి. కానీ కెమెరా కన్ను దగ్గర పెట్టుకుంటే ఈ అనుభవం పోతుంది, ఫొటో కూడా ముక్కు నుంచి తోక దాకా పట్టదు. నా అలవాటు చెబుతాను: దూరాన్ని దగ్గర చేసే 100-400 లెన్స్‌తో దూరాన సముద్రం మీద విమానం లైట్లు కనబడినప్పటి నుంచి తీస్తూ ఉండటం, దగ్గరికి రాగానే దాన్ని వదిలేసి మెడలోని రెండో కెమెరా వైడ్ లెన్స్‌తో ఒకటి రెండు తీయడం. ఇసుకలో లెన్స్ మార్చే పని మాత్రం పెట్టుకోకండి. జెట్‌లకి షటర్ సెకనులో వెయ్యో వంతు ఉన్నా ఫర్వాలేదు. ట్విన్ ఆటర్లకి అదే పెడితే ఫ్యాన్ రెక్కలు ఆగిపోయినట్టు పడతాయి, విమానం దారానికి వేలాడదీసిన బొమ్మలా కనిపిస్తుంది. రెండు వందల యాభయ్యో వంతుకి తగ్గిస్తే రెక్కలు తిరుగుతున్నట్టు వస్తాయి.

కంచె సంగతికి వద్దాం. టేకాఫ్‌కి కూడా విమానాలు ఇదే చివరికి వచ్చి, తూర్పు వైపు తిరిగి నిలబడతాయి. అంటే తోక బీచ్ వైపు, ఇంజన్ల గాలి మన మొహం మీదికి. కంచె పట్టుకుని ఆ గాలికి ఎగురుతూ కేరింతలు కొట్టే గుంపు ఎప్పుడూ ఉంటుంది. ఎదురుగా ప్రాణాపాయమని పెద్ద బోర్డులూ ఉంటాయి. 2017 జులైలో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒకావిడ ఆ గాలికి ఎగిరిపడి తలకి దెబ్బ తగిలి చనిపోయింది. గాలి ఒక్కటే వస్తే వేరు, రోడ్డు మీది గులకరాళ్లు, ఇసుక కూడా దాంతో వస్తాయి. ఇంత చేసినా మనకి కనబడేది తోక, దుమ్ము. టేకాఫ్ చూడాలంటే మాహో చోటే కాదు.

టేకాఫ్‌కి మంచిది సింప్సన్ బే. రన్‌వేకి దక్షిణాన దాదాపు దాని పొడవునా సాగే తెల్లటి బీచ్ ఇది. తూర్పు కొసకి వెళ్లి కూర్చుంటే, పరుగెత్తి లేచిన విమానం పక్క నుంచి కనిపిస్తుంది. ముందు కొండలున్నాయి కాబట్టి లేచిన కాసేపటికే కుడికి, అంటే సముద్రం వైపు తిరుగుతుంది. ఆ మలుపులో రెక్కల పైభాగం మీద ఎండ పడ్డప్పుడు తీసిన ఫొటోలే ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చినవి. జనం ఉండరు, బార్ పాటలు ఉండవు, చెట్ల నీడ దొరుకుతుంది. పాత బస్సొకటి బార్‌గా మార్చిన క్యారక్టర్ అనే చోటు కూడా ఈ బీచ్‌లోనే ఉంది, విమానాశ్రయానికి బాగా దగ్గర. ఇంట్లోవాళ్లకి విమానాల మీద ఆసక్తి లేకపోతే వాళ్లని ఇక్కడ ఈతకి వదిలి మీ పని మీరు చూసుకోవచ్చు. మాహోలో కెరటాలు ఒక్కోసారి గట్టిగా కొడతాయి, పిల్లలకి అంత మంచిది కాదు.

పై నుంచి చూడాలంటే డచ్ వైపు రాజధాని ఫిలిప్స్‌బర్గ్ వెళ్లే దారిలో కోల్ బే కొండ మీద ఆగి చూసే చోటుంది. సరస్సు, రన్‌వే, సముద్రం ఒకే చూపులో పడతాయి. విమానాలు మాత్రం చిన్నగా కనిపిస్తాయి. ఒకసారి ఆగి ఒక ఫొటో తీసుకుంటే చాలు. మాహో పక్కనున్న బీకన్ హిల్ మీది నుంచీ బాగుంటుంది కానీ అది ఇళ్లుండే చోటు. ట్రైపాడ్ వేసుకుని వాళ్ల గేట్ల ముందు నిలబడటం మర్యాద కాదు.

బస విషయం. మాహోలోనే ఉండాలనుకుంటే సొనెస్టా మాహో, దాని పక్కన పెద్దవాళ్లకి మాత్రమే అనే ఓషన్ పాయింట్, బీకన్ హిల్ రోడ్డులో మోర్గన్ రిసార్ట్ ఉన్నాయి. మోర్గన్ స్విమ్మింగ్ పూల్‌లోంచే విమానాలు చూడొచ్చు. నడిచి బీచ్‌కి పోవచ్చు, పార్కింగ్ గొడవ ఉండదు. అన్నీ కలిపిన ప్యాకేజీ తీసుకునే ముందు మాత్రం ఆలోచించండి. మనం పగలంతా బీచ్‌లో కెమెరాతో ఉంటే వాళ్ల బఫే ఎవరు తింటారు? సింప్సన్ బేలో మేరీస్ బూన్ అనే చిన్న హోటల్‌కి విమాన ప్రియుల్లో మంచి పేరుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లూ ఈ వైపే ఎక్కువ. మేం అలాంటిదే తీసుకున్నాం. మాలో ఇద్దరు శాకాహారులు. సూపర్‌మార్కెట్‌లో బియ్యం, కందిపప్పులాంటివి దొరికితే రాత్రి భోజనం గురించి టెన్షన్ ఉండదు. ఏ హోటలైనా ‘సీ వ్యూ’ అని రాసి ఉంటే సరిపోదు, ఆ గదిలోంచి రన్‌వే గానీ విమానాలు దిగే దారి గానీ కనిపిస్తుందా అని విడిగా అడగండి. రాత్రిళ్లు విమానాలు పెద్దగా ఉండవు, నిద్రకి ఇబ్బంది లేదు.

డచ్ వైపు 110 వోల్టులు, అమెరికా ప్లగ్గులే. ఫ్రెంచ్ వైపు 220. బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవాల్సిన మనలాంటి వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. డాలర్లు డచ్ వైపు ఎక్కడైనా తీసుకుంటారు, ఫ్రెంచ్ వైపు యూరోలు. టాక్సీలకి మీటర్లు లేవు, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంతన్నది ముందే నిర్ణయించి ఉంటుంది. ఎక్కే ముందే అడిగి ఖాయం చేసుకోవాలి. చవగ్గా పోవాలంటే ముందు అద్దం మీద ఊరి పేరున్న చిన్న వ్యాన్లు ఉన్నాయి, చెయ్యెత్తితే ఆగుతాయి. మేం కారు అద్దెకి తీసుకున్నాం. తిరిగి ఇచ్చేటప్పుడు మేం ముట్టుకోని గీతకి డబ్బు అడిగారు. తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి తీసిన వీడియో చూపిస్తే ఊరుకున్నారు. ఇంకో సంగతి, సింప్సన్ బే వంతెన పడవల కోసం రోజులో కొన్నిసార్లు పైకి లేస్తుంది. అప్పుడు రోడ్డు మీద బారులు. తిరుగు ప్రయాణం రోజు ఆ వేళలు చూసుకోకపోతే విమానం దాటిపోతుంది. మాహో పక్కన ఒక చోట బిల్లులో సర్వీస్ ఛార్జి కలిపేసి, కింద టిప్ కోసం ఇంకో గీత గీసి ఇచ్చారు. బిల్లు చదివాకే కార్డు తీయండి.

ఫిలిప్స్‌బర్గ్‌లో ఫ్రంట్ స్ట్రీట్‌లో నగల దుకాణాలు, కెమెరా దుకాణాలు చాలావరకు మన సింధీ వ్యాపారులవి. హిందీలో మాట్లాడితే బేరం కాస్త తేలికవుతుంది. మంచి పప్పు, రొట్టె ఎక్కడ దొరుకుతుందో వాళ్లనే అడగడం నయం.

దీవి దాటి వెళ్లే ఓపిక ఉంటే రెండు చోట్లున్నాయి. పక్కనున్న సాబా దీవిలో రన్‌వే పొడవు 400 మీటర్లే, రెండు కొసల్లోనూ సముద్రంలోకి పడే కొండ అంచు. ఇక్కడి విమాన సంస్థ విన్‌ఎయిర్ వాళ్ల ట్విన్ ఆటర్‌లో పావుగంట ప్రయాణం. అక్కడ చూసేది ఒకటి రెండు విమానాలే, ఎక్కి దిగడమే అసలు పండగ. గాలి ఎక్కువైతే రద్దు కావచ్చు కాబట్టి దీన్ని చివరి రోజుకి పెట్టుకోకండి. సెయింట్ బార్ట్స్‌లో రన్‌వే 650 మీటర్లు. విమానం కొండ మీది రోడ్డుని రాసుకున్నట్టు దాటి, వెంటనే కిందికి వాలి దిగుతుంది. ఆ కొండ మీద నిలబడితే మాహో కంటే దగ్గరగా కనిపిస్తుంది, పైగా విమానాలు వెంట వెంటనే వస్తుంటాయి. పడవలో వెళ్లొచ్చు. సముద్రం కుదుపులకి కడుపు తిప్పేవాళ్లు మాత్ర వేసుకుని ఎక్కాలి. రెండింట్లో ఒకటే వీలైతే ఫొటోలకి సెయింట్ బార్ట్స్, ప్రయాణానికి సాబా.

వీసా గురించి ఒక్క మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు డచ్ వైపుకి, ఫ్రెంచ్ వైపుకి, సెయింట్ బార్ట్స్‌కి నిబంధనలు వేర్వేరుగా చూసుకోవాలి. ఈ ఫ్రెంచ్ దీవులు యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్‌లోకి రావు. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్లు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు చూసుకోకుండా ఈ దీవి విమానం ఎక్కొద్దు. పోవడం తేలికే, తిరిగి రావడం దగ్గరే చిక్కు.

డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా విమానాలు ఎక్కువ, అద్దెలూ ఎక్కువే. శనివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు, మూడున్నర మధ్య మాహోకి తిరుగులేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో గదులు చవక, కానీ తుఫానుల కాలం, విమానాలూ తక్కువ. వచ్చేటప్పుడు కుడివైపు కిటికీ సీటు తీసుకుంటే దిగే ముందు ఒక్క క్షణం బార్ కప్పు, చేతులెత్తిన జనం కనిపిస్తారు. ఎడమవైపు కూర్చుంటే మాహో హోటళ్లు. లోపల ఉన్నవాళ్లకి బీచ్ ఎంత దగ్గరో తెలియనే తెలియదు, అందుకే సామాన్లు గదిలో పడేసి వెంటనే వెళ్లి తర్వాతి విమానాన్ని కింది నుంచి చూడండి.