సిస్టమ్ గడియారం జోలికి పోకుండా తేదీ మార్చడం: లిబ్‌ఫేక్‌టైమ్ సమీక్ష

మందుల షాపులు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను టెస్ట్ చేయడం నా పని. ఇందులో సగం తలనొప్పి తేదీల దగ్గరే. మార్చి 31 అర్ధరాత్రి దాటగానే బిల్లు నంబరు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందా? ఎక్స్‌పైరీ దగ్గరపడిన స్ట్రిప్పులు ఎర్ర రంగులో కనిపిస్తున్నాయా? ఫిబ్రవరి 29న నెల రిపోర్టు సరిగ్గా వస్తుందా? ఇవన్నీ ఆ రోజు వచ్చేదాకా ఆగి చూసేవి కావు.

సిస్టమ్ తేదీ మార్చేస్తే పోలా అంటారు. మార్చి చూడండి. బ్రౌజర్‌లో సైట్లన్నీ సర్టిఫికెట్ చెల్లదని మొరాయిస్తాయి, అదే సిస్టమ్‌లో పెట్టుకున్న ఆథెంటికేటర్ ఇచ్చే 30 సెకన్ల కోడ్ పనికిరాదు, షెడ్యూల్ చేసిన పనులు వేళకాని వేళ మొదలవుతాయి. ఎన్‌టీపీ (ఇంటర్నెట్ ద్వారా టైమ్ సరిచేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే గడియారాన్ని కాసేపట్లో మళ్లీ ఇవాళ్టికే లాక్కొస్తుంది.

లిబ్‌ఫేక్‌టైమ్ అనే టూల్ ఈ గొడవేదీ లేకుండా ఒక్క ప్రోగ్రామ్‌కే అబద్ధం చెబుతుంది. మామూలుగా ప్రోగ్రామ్‌లు టైమ్ ఎంతని సీ లైబ్రరీని (ప్రోగ్రామ్‌లన్నీ ఉమ్మడిగా వాడుకునే కోడ్) అడుగుతాయి. లినక్స్‌లోని ఎల్‌డీ ప్రీలోడ్ సౌకర్యంతో ఇది ఆ లైబ్రరీకి ముందే వచ్చి కూర్చుని, మనం చెప్పిన టైమ్‌ను జవాబుగా ఇస్తుంది. ఆ ప్రోగ్రామ్, అది పుట్టించే ప్రాసెస్‌లు తప్ప మిగతా సిస్టమ్ అంతా అసలు టైమ్‌లోనే నడుస్తుంది.

ఇన్‌స్టాలేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. లినక్స్ రకాల్లో ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీ పేరు ఫేక్‌టైమ్. ఫెడోరా, ఆర్చ్‌లలో లిబ్‌ఫేక్‌టైమ్. మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ టూల్ ద్వారా వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక వాడటానికి రూట్ (అడ్మిన్) అధికారం అక్కర్లేదు. ఫేక్‌టైమ్ అని రాసి, కోట్స్‌లో తేదీ, సమయం ఇచ్చి, పక్కన యాప్ పేరు పెడితే చాలు. యాప్ బదులు ముందు డేట్ కమాండ్ పెట్టి చూసుకోండి. అక్కడ కోరిన తేదీ కనిపిస్తే లిబ్‌ఫేక్‌టైమ్ లోడ్ అయినట్టే.

ఇది ఎంత పనికొస్తుందో నాకు అర్థమైంది ఒక బగ్‌తో. యాప్‌ను మార్చి 31 రాత్రి 11:58కి తెరిచి, బిల్లు మొదలుపెట్టి, మందులు ఎక్కిస్తూ 12 దాటాక సేవ్ చేశాను. బిల్లు మీద తేదీ ఏప్రిల్ 1, నంబరు మాత్రం పాత సంవత్సరం సిరీస్‌ది! జీఎస్టీ నిబంధనల్లో ఇన్‌వాయిస్ నంబర్ల వరస ఆర్థిక సంవత్సరానికి కట్టుబడి ఉంటుంది కాబట్టి, ఆడిటర్ కంటపడితే షాపు ఓనర్ సమాధానం చెప్పుకోవాలి. రాత్రంతా తెరిచి ఉండే షాపులో ఇది ఏటా జరగగల సంగతే.

చిక్కు పెట్టేది తేదీ ఇచ్చే ఇంకో తీరు, అడ్వాన్స్‌డ్ ఫార్మాట్. ఇందులో తేదీ ముందు @ గుర్తు పెడితే గడియారం అక్కడ మొదలై నడుస్తుంది. పెట్టకపోతే ఆ క్షణం దగ్గరే బిగుసుకుపోతుంది. టైమ్ కదలకపోతే కొన్ని యాప్‌లు లోడింగ్ గుర్తు తిప్పుకుంటూ కూర్చుంటాయి, మనకేమో టెన్షన్. వేగం పెంచే సౌకర్యం కూడా ఇందులోనే ఉంది. 60 రెట్లు పెడితే మన నిమిషం యాప్‌కి గంట.

ఇక పరిమితులు. మా యాప్ డేటా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఉన్నంతకాలం ఏ సమస్యా లేదు, అది యాప్ ప్రాసెస్ లోపలే నడుస్తుంది కాబట్టి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వర్‌కి మారాక స్క్రీన్ మీద ఏప్రిల్, టేబుల్‌లో ఇవాళ్టి తేదీ! డేటాబేస్ సర్వర్ వేరే ప్రాసెస్, దానికి మన అబద్ధం చేరదు. టెస్ట్ సర్వర్‌ను కూడా ఫేక్‌టైమ్‌తోనే లేపాల్సి వచ్చింది. టైమ్ కోసం సీ లైబ్రరీని అడగని గో భాషలో రాసిన ప్రోగ్రామ్‌ల మీద, స్టాటిక్‌గా లింక్ చేసిన (లైబ్రరీని తమలోనే కలిపేసుకున్న) వాటి మీద ఇది పనిచేయదు. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీల రూపంలో వచ్చే యాప్‌లు మిగతా సిస్టమ్ నుంచి విడిగా తమ గూటిలో తాము ఉంటాయి కాబట్టి వాటితో కుస్తీ పట్టేకంటే మామూలు ప్యాకేజీ వేసుకోవడం మేలు. జావా యాప్ బిగుసుకుపోతే మోనోటానిక్ గడియారాన్ని (తేదీతో పనిలేకుండా ఎంతసేపు గడిచిందో లెక్కపెట్టేది) ముట్టుకోవద్దని చెప్పే సెట్టింగ్ ఉంది. ముందు దాన్ని ప్రయత్నించండి.

షాపుల్లో ఎక్కువగా ఉండేది విండోస్. అక్కడ నేను వాడేది నిర్‌సాఫ్ట్ వాళ్ల రన్‌యాజ్‌డేట్. ఉచితం, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. యాప్‌ను ఎంచుకుని తేదీ ఇవ్వడమే. టైమ్ ముందుకు నడవాలంటే దానికున్న టిక్కు పెట్టాలి. వేరే ప్రోగ్రామ్‌లోకి డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైల్) ఎక్కించే తీరు వల్ల యాంటీవైరస్‌లు అనుమానించవచ్చు.

ట్రయల్ గడువు సాగదీయడానికి ఇవి పనికొస్తాయా అని అడిగేవాళ్లకు ఒక మాట: లైసెన్స్‌ను సర్వర్‌లో సరిచూసుకునే సాఫ్ట్‌వేర్ ముందు ఇవి ఆగవు. ఆగినా అది దొంగ వాడకమే, నేను సలహా ఇవ్వను.

నాకు బాగా నచ్చింది మాత్రం యాప్ మూయకుండానే తేదీ మార్చే ఏర్పాటు. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫేక్‌టైమ్‌ఆర్‌సీ ఫైల్‌లో తేదీ రాసి, ఫేక్‌టైమ్ అనే ర్యాపర్ కమాండ్ బదులు ఎల్‌డీ ప్రీలోడ్‌ను మనమే సెట్ చేసి యాప్ తెరవాలి. ర్యాపర్ వాడితే అది తన తేదీనే పట్టుకుంటుంది, ఈ ఫైల్‌ను పట్టించుకోదు. తర్వాత ఫైల్‌లో తేదీ మారిస్తే మామూలుగా 10 సెకన్లలోపు యాప్‌కి తెలుస్తుంది; అంత కూడా ఆగలేకపోతే క్యాష్‌ను (చదివిన తేదీని కాసేపు గుర్తుంచుకోవడాన్ని) ఆపేసే సెట్టింగ్ ఉంది.