మిద్దెతోటకు నైలాన్ తీగవల: బీరకు భేష్, తమలపాకుకు దండగ

ఆన్‌లైన్‌లో ‘క్రీపర్ నెట్’ పేరుతో దొరికే 5×10 అడుగుల నైలాన్ వల ఇది. గడి 4 అంగుళాలు, తాడు మందం సుమారు 2 మి.మీ.

బీర, కాకర, దొండ, దోస పెట్టేవాళ్లు ఆలోచించకుండా కొనొచ్చు. ఇవి ఎగబాకేది నులితీగలతో. నులితీగ కొస దేనికైనా తగిలితే, తగిలినవైపు ఎదుగుదల మందగిస్తుంది, అవతలివైపు సాగుతుంది. అలా చుట్టుకుంటుంది. పట్టు దొరికాక మిగతా భాగం పాత ల్యాండ్‌లైన్ ఫోను వైరులా మెలికలు పడి కాండాన్ని దగ్గరికి లాక్కుంటుంది. కాస్త దగ్గరగా చూడండి: సగం మెలికలు ఒకవైపు, సగం రెండోవైపు తిరిగుంటాయి. రెండు కొసలూ బిగిసిపోయాక ఒకేవైపు మెలితిరగడం కుదరదు మరి. గాలికి సాగుతుంది, తెగదు. ఈ సన్నని తాడు దానికి సరిగ్గా సరిపోయింది. లావుపాటి పీవీసీ పైపు పాతితే పట్టు చిక్కక జారుతుంది.

చిక్కుడు, బచ్చలి, శంఖుపుష్పాలకు కాండమే చుట్టుకుంటుంది. వాటికి వల అక్కర్లేదు, నిలువు పురికొస చాలు. చిక్కుడు తీగను చేత్తో చుట్టాల్సొస్తే పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లుకు ఎదురుదిశలో చుట్టండి. తిరగేసి చుడితే విడిపోతుంది.

ప్యాకెట్ మీద మనీప్లాంట్ బొమ్మ ఎందుకేశారో! మనీప్లాంటు, తమలపాకు కణుపు వేళ్లతో అంటుకుంటాయి. వాటికి చెమ్మ నిలిచే గరుకు ఆధారం కావాలి. కొబ్బరిపీచు చుట్టిన కర్ర కొనుక్కోండి. తమలపాకు తోటల్లో అయితే అవిసె చెట్లకే ఎక్కిస్తారు.

వలకు అంచుతాడు లేకపోవడం పెద్ద లోపం. పై గడుల్లోంచి జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) దూర్చి రెండువైపులా బిగించి, అడుగుకో ముడి వేయాలి. లేకపోతే కాపు మొదలయ్యాక మధ్యలో జోలెలా దిగుతుంది. పొడవునా లాగితే వెడల్పు తగ్గుతుంది కూడా, 4 అడుగులే లెక్కేసుకోండి. సొర పెడితే పిందె గడిలో ఇరుక్కోకముందే పక్కకు తప్పించాలి, బరువెక్కిన కాయకు పాతగుడ్డతో ఊయల కట్టాలి.

పంటయ్యాక పచ్చితీగను లాగేయొద్దు, వలే తెగుతుంది. మొదలు కోసి వదిలేయండి. బాగా ఎండితే నులితీగలు పెళుసై, చేత్తో నలిపితే రాలిపోతాయి. నైలాన్ ఎండకు చివుకుతుంది కాబట్టి ఖాళీగా ఉన్నన్నాళ్లూ విప్పి నీడలో పెట్టండి. మడవకుండా కర్రకు చుట్టండి, లేకపోతే మళ్లీ విప్పేటప్పుడు చిక్కుముళ్లతోనే సాయంత్రమవుతుంది.