పాత స్పిట్‌ఫైర్‌తో ఏడేళ్లు: ఖర్చు, కష్టం, కాస్త సుఖం

కొన్నది మూడు లక్షల పది వేలకి. దాని మీద ఇప్పటిదాకా పెట్టింది తొమ్మిదిన్నర లక్షలు దాటింది. ఈ రెండో లెక్క మా ఆవిడకి సగమే తెలుసు, ఇది చదివితే మిగతా సగం కూడా తెలిసిపోతుంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే కారు చూసి ముచ్చటపడి ఇంటిదాకా వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది ఇదే.

కారు 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3. రెండే సీట్లు, పైన గుడ్డ టాప్, 1296 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, 75 హార్స్‌పవర్. ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో పుట్టింది, మద్రాసుకి ఎవరు తెచ్చారో అమ్మినాయనకి కూడా సరిగ్గా తెలియదు. 2019 జనవరిలో కీల్పాక్‌లో ఒక పాత ఇంటి వెనక వేపచెట్టు కింద, చిరిగిన టార్పాలిన్ కప్పుకుని కనిపించింది. ఇరవై ఏళ్ల పైగా కదల్లేదట. సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి, పెట్రోల్ ట్యాంకులో ఎర్రటి బురద, డ్రైవర్ కాళ్లు పెట్టే చోట చూస్తే కింద నేల కనపడుతోంది. ఒక్కటే మంచి గుర్తు: స్పార్క్ ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలో ఆయిల్ పోసి మర్నాడు ముందు పుల్లీకి పానా వేసి తిప్పితే ఇంజన్ తిరిగింది. అది తిరక్కపోయి ఉంటే ఇవాళ నా బ్యాంకు ఖాతా వేరేగా ఉండేది.

ఇంగ్లీషు కారు కదా, సామాను ఎక్కడ దొరుకుతుంది అంటారు. ఇక్కడే చెన్నైలో ఉన్నవాళ్లకి ఒక అదృష్టం ఉంది. వండలూరు దగ్గర స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి హెరాల్డ్ కార్లు చేసింది, మన నాన్నల తరంలో డాక్టర్లూ లాయర్లూ నడిపిన ఆ బుజ్జి కారే. స్పిట్‌ఫైర్ దానికి సొంత చెల్లెలు. రెండింటి రూపమూ గీసింది ఇటలీ వాడు మైకెలోటి. ముందు సస్పెన్షన్, స్టీరింగ్, డిఫరెన్షియల్, వెనక అడ్డంగా ఉండే లీఫ్ స్ప్రింగ్ పద్ధతి, ఇవన్నీ హెరాల్డ్ నుంచి వచ్చినవే. పాత కార్ల సామాన్లు అమ్మే పుదుప్పేటలో స్పిట్‌ఫైర్ అంటే ఎవడూ తల తిప్పడు, హెరాల్డ్ అనండి, ఏదో ఒక మూల నుంచి ఒక గోతాం బయటికి వస్తుంది. నాకు స్టీరింగ్ రాడ్ చివర్లు, ఒక హబ్, డిఫరెన్షియల్ సీల్స్ అలాగే దొరికాయి. బాడీ రేకులు, టాప్, రబ్బర్లు మాత్రం ఇంగ్లండ్ నుంచే తెప్పించాలి. అక్కడ ఈ కారుకి ఇప్పటికీ దాదాపు అన్నీ దొరుకుతాయి, కానీ కొరియర్, డ్యూటీ కలిపేసరికి కొన్ని సామాన్లకు అసలు ధర కంటే పై ఖర్చే ఎక్కువైంది.

ఇప్పుడు నా తెలివితక్కువ గురించి. అందరిలాగే నేనూ ఇంజన్‌తో మొదలుపెట్టాను. ఇంజన్ దింపి గిండీలో ఒక మెషిన్ షాపులో ఇచ్చాను, సీసం లేని పెట్రోల్‌కి తట్టుకునేలా హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేయించాను (మన దేశంలో సీసం పెట్రోల్ 2000లోనే పోయింది, ఈ కారు అప్పటికే పడుకుంది), కొత్త రింగులు, బేరింగులు. అది మెరుస్తూ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలు హాల్లో దుప్పటి కింద కూర్చుంది, ఎందుకంటే దాన్ని పెట్టడానికి కారు లేదు. కారు టింకరింగ్ షాపులో ఉంది.

ఆ టింకరింగ్ కథ కొంచెం వివరంగా చెప్పాలి, మీరు ఇంకేమీ చదవకపోయినా ఇది చదవండి. తలుపుల కింద పొడుగునా పెట్టెలా ఉండే భాగాన్ని సిల్ అంటారు. హెరాల్డ్‌కి ఛాసిస్ (కింది ఇనుప చట్రం) పక్కల కూడా పట్టీలు ఉంటాయి, సిల్ పోయినా కారు నిలబడుతుంది. స్పిట్‌ఫైర్ ఛాసిస్ మధ్యలో వెన్నెముకలా మాత్రమే ఉంటుంది, పక్కల బరువు మోసేది సిల్లే. కాబట్టి తుప్పు పట్టిన సిల్ కోసేముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప పైపు వెల్డ్ చేసి, ఒక వైపు పూర్తిచేశాకే రెండో వైపు ముట్టుకోవాలి. ఇది నాకు అప్పుడు తెలియదు. షాపు వాళ్లకీ తెలియదు, అడిగితే మాత్రం "మేం చూడని కారా సార్" అన్నారు. ఒక్కరోజులో రెండు వైపులా కోసేశారు. కొత్త రేకులు అతికించాక ఎడమ తలుపు వేస్తే వెనక భాగం రెండు వేళ్ల మందం కిందికి దిగి ఉంది. తలుపు రేకుని కొట్టి సరిచేస్తామన్నారు! వద్దు బాబూ అని దండం పెట్టి, ట్రాలీ మీద కారు ఇంటికి తెచ్చేసుకున్నాను. అప్పటికే దాని మీద మొదటి కోటు రంగు కూడా కొట్టేసి ఉన్నారు, అది ఇంకో నలభై వేలు.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. ముడిచూరు రోడ్డులో మా ఇంటి కింద పార్కింగులో, కారుని నాలుగు స్టాండ్ల మీద లెవెల్ చూసి నిలబెట్టి, తలుపు సందుల్లో పైపులు బిగించి, అతికినవన్నీ మళ్లీ కోసి, సందులు మిల్లీమీటర్లలో కొలుచుకుంటూ ఒక్కో వైపు వేశాను. వెల్డింగ్ నాది కాదు, పక్క వీధిలో గేట్లు చేసే కుర్రాడిది. కార్ల సంగతి తనకేమీ తెలియదు, అదే మంచిదైంది, చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఇప్పుడు తలుపు చిటికెన వేలితో తోస్తే పడుతుంది.

ఇంట్లో పని చేసుకోవడానికి మాత్రం ఇంతకంటే అనువైన కారు నేను చూడలేదు. బానెట్, మడ్‌గార్డులు అన్నీ ఒకే ముక్క, మొత్తం ముందుకి వాలిపోతుంది. ముందు టైరు మీదే పీట వేసుకున్నట్టు కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. అమ్మ అక్కడికే కాఫీ తెచ్చిచ్చేది, "ఒరేయ్, చక్రం మీద కూర్చుని చక్రం తిప్పేది ఎప్పుడ్రా?" అంటూ. ఒక్క జాగ్రత్త, పానాలు అంగుళాల్లోవి కొనుక్కోండి. 13 పానా అర అంగుళం నట్టుకి ఎలాగో పడుతుంది. 7/16 నట్టుకి 11 పట్టదు, 12 వేస్తే జారి మూలలు అరిగిపోతాయి, తర్వాత ఆకురాయితో తంటాలు. జీపీ రోడ్డులో మంచి సెట్ దొరుకుతుంది, ఇంజన్ దింపడం కంటే ముందు అది కొనాల్సింది.

వైరింగ్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పాతది పీకేసి కొత్త హార్నెస్, అంటే వైర్ల కట్ట, వేశాను, అదే రంగులు, గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు, తెలుపు తాళం తిప్పితే, నలుపు ఎర్త్. ఈ ఊరి ఉప్పుగాలికి ఎర్త్ నట్లు ఏడాదికోసారి తీసి గీకి వాజిలిన్ రాస్తాను. లైట్ల సమస్య తొంభై శాతం అక్కడే తీరిపోయింది.

ఇక పెద్దాయన. పుదుప్పేటలో ఒక కొట్టతను "పెరుంగళత్తూరులో స్టాండర్డ్ కంపెనీలో పనిచేసినాయన ఉన్నాడు, మీ భాషే" అని నంబర్ ఇచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, మద్రాసు తెలుగు, నన్ను 'నైనా' అంటాడు. బండి రోడ్డెక్కిన కొత్తలో, 2022లో, నాకు టైము లేక ఒక వర్క్‌షాప్‌లో సర్వీసుకి ఇచ్చాను. మూడు నెలలకి స్టీరింగ్ బరువెక్కింది. టైర్లు అనుకున్నాను, స్టీరింగ్ ర్యాక్ అనుకున్నాను. పెద్దాయన వచ్చి ముందు చక్రం దగ్గర వంగి చూసి, "గ్రీజు ఎవరు కొట్టింది నైనా?" అన్నాడు.

సంగతేమిటంటే, ఈ కార్లలో ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది చివర మరలా ఉండి, ట్రనియన్ అనే ఇత్తడి ముక్కలోకి బిగుసుకుని ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర తిరుగుతుంది. దానికి పోయాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్. గ్రీజు మర సందుల్లోకి దిగదు, పైనే గట్టిపడి తర్వాత పోసే ఆయిల్‌ని కూడా లోపలికి పోనివ్వదు, లోపల పొడిగా తిరిగి తిరిగి మర అరిగి, నీళ్లు చేరి తుప్పు పట్టి, ఒకరోజు కడ్డీ విరిగి చక్రం పక్కకి పడుకుంటుంది. అక్కడ గ్రీజు గన్ను పట్టేలా నిప్పిల్ ఉండటమే అన్ని అనర్థాలకీ మూలం, చూసినవాడెవడైనా గ్రీజే కొడతాడు. హెరాల్డ్‌లోనూ ఇదే అమరిక కాబట్టి పెద్దాయనకి చూడగానే తెలిసింది. విప్పితే ఎడమ వైపు మర సగం పోయింది. రెండు కడ్డీలూ, రెండు ట్రనియన్లూ మార్చాను. అప్పటి నుంచి ప్రతి రెండు వేల కిలోమీటర్లకీ చక్రం పైకెత్తి, చిన్న పంపుతో కొత్త నూనె కారేదాకా కొడతాను. పది నిమిషాల పని.

పెద్దాయన చెప్పిన రెండోది క్లచ్. ఈ ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందుకీ వెనక్కీ జరక్కుండా అర్ధచంద్రాకారపు వాషర్లు ఉంటాయి. క్లచ్ తొక్కిన ప్రతిసారీ బరువు వాటి మీదే పడుతుంది, బాగా అరిగితే జారి సంప్‌లో, అంటే ఇంజన్ కింది ఆయిల్ తొట్టిలో, పడతాయి, ఆ తర్వాత ఇంజన్ బ్లాకే పోతుంది. కొనేముందు ఒకరు క్లచ్ తొక్కుతుంటే ఇంకొకరు ముందు పుల్లీ చూడాలి, కంటికి కనపడేలా ముందుకి జరిగితే ఆ కారు ధర తగ్గించమనండి, లేదా ఇంటికి వెళ్లిపోండి. నాకైతే సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకునే అలవాటు పూర్తిగా పోయింది. న్యూట్రల్, కాలు కింద. తాంబరం బస్టాండు దగ్గర వెనక నుంచి హారన్లు కొట్టినా సరే.

వేడి సంగతి. కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి. మేలో మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగితే పెట్రోల్ కార్బురేటర్లోనే మరుగుతుంది, ఇంజన్ ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే దగ్గుతుంది. మధ్యలో అల్యూమినియం రేకు కవచం పెట్టాను, రేడియేటర్ కోర్ మార్పించాను, ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేశాను. డెబ్బై శాతం తగ్గింది, మిగతాది తగ్గదు, మేలో మధ్యాహ్నం ఈ కారు తీయకూడదంతే. పెట్రోల్‌లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చాల్సిందే, నావి చేత్తో నొక్కితే పొడిలా రాలాయి. రెండు కార్బురేటర్లనీ సమానం చేయడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని ఒక్కోదాని మూతి దగ్గర ఆ బుసని వినడమే. మొదట నవ్వొస్తుంది, తర్వాత అదే ఆదివారం పూట ధ్యానం.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి మా వీధిలో మోకాలు పైకి నీళ్లు వచ్చాయి. ముందురోజు రాత్రే జాకీతో ఎత్తి స్టాండ్ల మీద పెట్టాను, వాటి కింద ఇటుకలు. ఫ్లోర్‌కి నాలుగు వేళ్ల కిందిదాకా వచ్చి ఆగాయి. మా ఇంకో కారు, రోజూ ఆఫీసుకి వెళ్లేది, అది మునిగింది. ఆ విషయం ఇంట్లో ఇప్పటికీ చర్చలో ఉంది.

నడిపితే ఎలా ఉంటుంది? ఇవాళ్టి ఏ చిన్న కారైనా దీన్ని దాటేస్తుంది. బ్రేకులకి బూస్టర్ లేదు, గట్టిగా తొక్కాలి. ఏసీ ప్రశ్నే లేదు. లీటరుకి పదకొండు పన్నెండు ఇస్తుంది. కానీ ఏడు వందల కిలోల చిల్లర బరువు, నేలకి జానెడు ఎత్తులో కూర్చుంటాం, ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పొద్దున్నే అరవైలో వెళ్తుంటే నూరులో వెళ్తున్నట్టు ఉంటుంది. ముందు చక్రాలు ఎంత తిరుగుతాయంటే మైలాపూరు సందుల్లో మిగతా కార్లు వెనక్కి తీసుకునే చోట ఇది ఒక్క పట్టున తిరిగిపోతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి, వెనక సస్పెన్షన్ పాత రకం స్వింగ్ యాక్సిల్. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని తోక బయటికి వస్తుంది. ఏలగిరి కొండ మీద 14 హెయిర్‌పిన్ మలుపుల్లో ఆరోదానిలో, చినుకుల్లో, ఇది నాకు అర్థమైంది. పక్కన కూర్చున్న బావమరిది ఆ రోజు దిగేటప్పుడు బస్సులో వచ్చాడు.

కాగితాలు: నేను 2022 మార్చిలో రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. ఏప్రిల్ నుంచి దిగుమతి కార్లకి ఫీజు 40 వేలు చేశారు, తప్పించుకున్నాననుకున్నాను. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన దిగుమతి కార్లకి 80 వేలు అయింది, నాది 2027లో మళ్లీ చేయించాలి. యాభై ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు, 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే అలా చేస్తే ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. బాగుచేసింది తిప్పుకోవడానికే కదా. ఇంకా తేల్చుకోలేదు.

ఇప్పటికి తొమ్మిది వేల కిలోమీటర్లు. టాప్ ఇంకా ఎడమ మూల కారుతుంది. గడియారం పనిచేయదు. కొంటే మాత్రం ముందు సిల్లు, ట్రనియన్లు, క్రాంకు చూసుకోండి, రంగు ఆఖరున, బండి ఆరు నెలలు నడిపాకే కొట్టించండి. నేనైతే ఇదే కారుని మళ్లీ కొంటాను, ఇదే షాపుకి మాత్రం మళ్లీ ఇవ్వను.

మొన్న కనుమ రోజు పెద్దాయన ఇంటికి వచ్చాడు. కొత్తగా కొట్టించిన ఎర్ర రంగు మెరుస్తోంది, చూసి ఏమంటాడా అని నేను పక్కనే నిలబడ్డాను. ఆయన రంగు వైపు చూడనేలేదు. ముందు చక్రం దగ్గర మెల్లగా వంగి, ట్రనియన్ కింద వేలు పెట్టి తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "గేర్ ఆయిలే" అని లేచి, లోపలికి వెళ్లి మా అమ్మని కాఫీ అడిగాడు.